తొట్టిలో వేసిన నోటుపుస్తకం

మార్చి 6, శుక్రవారం

పొట్టును పొట్టని, గింజను గింజని వేరు చేయడం నేరమా? జవాబు చెప్పు. ఈ డైరీ రాసేది నువ్వే, చదివేదీ నువ్వే. తప్పించుకోవడానికి ఇక్కడ ఇంకెవరూ లేరు. నేరమా, కాదా?

కాదు. చేటలో పోసి చెరిగినవాణ్ణి ఎవరూ దొంగ అనరు.

పోయిన సంవత్సరం జైలు సంక్షేమాధికారి మేడమ్ నన్ను పిలిపించింది. విడుదలైనవాళ్లు, వేరే జైలుకు మారినవాళ్లు, చనిపోయినవాళ్లు వదిలేసిన రాతకాగితాలు స్టోరులో మూటలుగా పడి ఉన్నాయి. ఆరు నెలల్లో ఎవరూ వచ్చి అడగకపోతే వాటిని కాగితం షెడ్డుకు పంపుతారు. అక్కడ ఖైదీలు తొట్టిలో నానబెట్టి, రుబ్బి, అట్టలు చేస్తారు. ఆ అట్టలు ఆఫీసులకు ఫైళ్లుగా వెళతాయి. "మీరు శ్రద్ధగా చదువుతారు కదా, మంచివి ఏరి పెట్టండి. చిన్న పుస్తకం వేద్దాం. లోపలివాళ్లు రాసింది బయటివాళ్లు చదవాలి" అంది మేడమ్.

ఏరాను. మూడు శనివారాలు నడుము పట్టేసేలా కూర్చుని ఏరాను. ముప్పైనాలుగు సాక్ష్యాలు దొరికాయి. పశ్చాత్తాపం, కన్నీళ్లు, మారుమనసు. మిగిలినవన్నీ పాటలు, వంటశాల గొడవలు, వెక్కిరింతలు, బూతులు. వాటిని నా చేతులతోనే తొట్టిలో వేశాను. ఎర్ర అట్టతో పుస్తకం వచ్చింది. ప్రార్థన కూటంలో అందరూ మెచ్చుకున్నారు.

ఇవాళ ఒక ఆవిడ కొట్టుకు వచ్చింది. కుట్టుమిషను బాగుచేయించుకోవడానికేమో అనుకున్నాను. చేతిలో ఏమీ లేదు.

"జైల్లో వాక్యం చెప్పే అయ్యగారు మీరేనాండీ?"

"నేనేనమ్మా. కూర్చో."

కూర్చోలేదు. "మా తమ్ముడు అక్కడ వంటశాలలో పనిచేసేవాడు. పొడుగోడు అని పిలిచేవాళ్లంట. జ్వరంతో పోయి ఏడాదిన్నర అయింది. నేను ఇల్లు మారాను, వాళ్లు రాసిన ఉత్తరం తిరిగి వెళ్లిపోయింది. నాకు తెలిసింది మొన్న."

నేను చేతిలో ఉన్న స్క్రూడ్రైవరు పక్కన పెట్టాను.

"వాడు చిన్నప్పటినుంచీ రాసేవాడండీ. దొరికిన కాగితం వదిలేవాడు కాదు. ఆఫీసులో అడిగితే, కాగితాలన్నీ మీరే చూశారన్నారు." ఆగింది. "నా గురించి ఏమైనా రాశాడా?"

తర్వాత మొత్తం చెప్పింది. హోటల్లో పనిచేసేచోట మాటా మాటా పెరిగి తమ్ముడు ఒకణ్ణి కొట్టాడు. ఒక్క దెబ్బ. ఆ మనిషి లేవలేదు. ఈవిడ అక్కడే ఉంది. చూడలేదని చెప్పమని వకీలు నేర్పాడు. "కోర్టులో గ్రంథం మీద చెయ్యి పెట్టించారండీ. అబద్ధానికి నోరు తిరగలేదు. చూశానని చెప్పేశాను. వాడు నావైపు చూశాడు. ఆ తర్వాత ఏడేళ్లు నేను ఆ గేటు దగ్గరికి పోలేదు. ఏ మొహం పెట్టుకుని పోను? వాడు నన్ను ఏమనుకున్నాడో తెలియాలి. తిట్టి ఉన్నా సరే."

నేను అన్నాను: "రాశాడమ్మా. మా అక్క సత్యం పలికింది, దేవుడు ఆమెను దీవించాలి అని రాశాడు. కన్నీళ్లతో రాశాడు."

ఆవిడ నన్ను చాలాసేపు చూసింది. "ఆ కాగితం చూపిస్తారా?"

"మేడమ్ దగ్గర ఉండాలి. అడుగుతాను."

"పదహారో తేదీ మధ్యాహ్నం బండికి వెళ్లిపోవాలండీ. అప్పటిదాకా వెనక వీధిలో మా పిన్ని ఇంట్లోనే ఉంటాను."

అది అబద్ధం కాదు. ఓదార్పు. ఓదార్చమనే కదా నాకు ఆజ్ఞ.

మార్చి 7, శనివారం

జైలులో కూటం అయ్యాక కాగితం షెడ్డుకు వెళ్లాను. తొట్టి దగ్గర పెద్దాయన ఉన్నాడు. యావజ్జీవం పడినవాడు. మోచేతుల దాకా తెల్లటి గుజ్జు. తెడ్డులాంటి కర్రతో తొట్టిని కలుపుతున్నాడు. పక్కన ఇద్దరు జల్లెడ చట్రాల్లో గుజ్జు ఎత్తి, గుడ్డల మీద బోర్లించి, పరుస్తున్నారు.

"పెద్దాయనా, పొడుగోడి నోటుపుస్తకం గుర్తుందా? గోధుమరంగు అట్ట."

"గుర్తు లేకేం? మీరేగా ఇందులో వేసింది."

"నేనా?"

"మరి నేనా? ఇది ఉంచండయ్యగారూ, బావుంటుంది అన్నాను. 'నీ పని నువ్వు చూసుకో' అన్నారు. కొంచెం గట్టిగానే అన్నారు. పక్క షెడ్డులో మగ్గాలు కూడా ఆగాయి."

చట్రం పట్టుకున్నవాళ్లు కిందికి చూసి నవ్వు ఆపుకున్నారు.

"ఇప్పుడు అది ఎక్కడుంటుంది?"

"ఏ ఆఫీసులోనో ఫైలై ఉంటుంది. ఎవరి అర్జీయో దాని పొట్టలో పెట్టుకుని కూర్చుని ఉంటుంది."

దానిలో బూతులున్నాయి కాబట్టి వేశాను. ఉన్నాయి. నేను చూశాను.

మార్చి 8, ఆదివారం

ప్రవక్త మాటలు రాసిన గ్రంథపు చుట్టను చాకుతో ముక్క ముక్కగా కోసి కుంపట్లో వేసిన రాజు మీద చెప్పాల్సిన వారం. నాకు బాగా కుదిరే ప్రసంగం. ఆ రాజును నేను కడిగేసే తీరుకు పైకప్పు రేకులు అదురుతాయంటారు. ఇవాళ వేరే వాక్యం చెప్పాను. గొంతు బాగాలేదన్నాను.

మార్చి 9, సోమవారం

మా ఆవిడ వంటింట్లో కూర్చుని ఎర్ర పుస్తకం తిరగేస్తోంది. ఇన్నాళ్లూ అల్మరాలో ఉంది, ముట్టుకోలేదు. ఇవాళ ఎందుకు తీసిందో.

"ఏమండీ, ఈ ముప్పైనాలుగు మందీ అన్నదమ్ములా?"

"అదేం ప్రశ్న?"

"అందరూ ఒకేలా ఏడుస్తున్నారు. ఒక్కడికి చీమిడి రాదు, ఒక్కడికి ఎక్కిళ్లు రావు. ఇంట్లో మీరు ప్రార్థన చేసినట్టే ఉంది అచ్చం."

"భాష దిద్దాను. వాళ్లకు వాక్యం కట్టడం రాదు."

"దిద్దారా, ఉతికి ఆరేశారా?"

మాట్లాడితే ఇంకో నాలుగు అంటుంది. ముప్పై ఏళ్ల కాపురంలో ఆవిడ నా ప్రసంగం పొగిడింది ఒకే ఒక్కసారి. ఆ రోజు మైకు పాడైంది.

మార్చి 10

అన్నం సహించలేదు.

మార్చి 11, బుధవారం

నిజం రాయి. తలుపు వేసే ఉంది.

ఆ నోటుపుస్తకంలో బూతు లేదు. ఒక్క ముక్క లేదు.

మొదటి పేజీలో బ్యారక్‌లో ఉన్నవాళ్లకు పొడుగోడు పెట్టిన పేర్లు, ఆ పేర్లు ఎందుకు పెట్టాడో ఒక్కొక్కదానికి ఒక కథ. రెండో పేజీలో వంటశాల. గరిటె ఎవరి గిన్నె కోసం అడుగుదాకా దిగుతుంది, ఎవరికి పైపైన తేలుతుంది అని. అది చదువుతుంటే నాకు ఆకలి వేసింది కూడా. మూడో పేజీలో నేను.

నా పేరు ఉరుమయ్య. శనివారం పది గంటలకు ఉరుమయ్య వస్తాడు, ముందు వరుసలో కూర్చున్నవాళ్లకు నోటి తుంపర్ల స్నానం ఉచితం, అని మొదలు. ప్రసంగంలో నేను నుదురు ఎన్నిసార్లు తుడుచుకుంటానో అని సబ్బు ముక్కలు పందెం కాసేవాళ్లట. పద్దెనిమిది సార్లు తుడుచుకున్న శనివారం ఒకడు నెలకు సరిపడా సబ్బు గెలిచాడట. ఆ తర్వాత ఈ మాట: "మేం ఏడిస్తే ఉరుమయ్యకు కడుపు నిండుతుంది. మేం నవ్వితే పాపం ఆ పూట పస్తు."

అక్కడ మూసేశాను. ఆ తర్వాత ఎన్ని పేజీలున్నాయో చూడలేదు. వేలెడు మందం ఉంది.

ఇరవై మూడేళ్లదాకా నాకు అక్షరం రాదు. మిషన్ల మీద కంపెనీ పేరు కూడా బొమ్మలా గుర్తుపట్టేవాణ్ణి. గ్రంథం ముందు పెట్టుకుని, వేలు కింద ఒక్కో అక్షరం నలుపుకుంటూ, ఎవరూ చెప్పకుండా నేర్చుకున్నాను. మొదటి వాక్యం పూర్తిగా చదివిన రోజు వీధిలోకి పరుగెత్తి, గోడల మీదున్న రాతలన్నీ పైకి చదివాను. సిమెంటు ప్రకటన కూడా నాకు దేవుడి మాటలాగే వినపడింది. అలాంటివాణ్ణి నేను.

తొట్టిలో ఆ పుస్తకం వెంటనే మునగలేదు. అట్ట మందం. నేను పెద్దాయన చేతిలో కర్ర లాక్కుని, నొక్కి పట్టుకున్నాను.

మార్చి 12, గురువారం

ఆవిడ మళ్లీ వచ్చింది. చేతిలో ఎర్ర పుస్తకం. జైలు ఆఫీసులో అడిగి తీసుకుందట.

"ముప్పైనాలుగూ చదివానండీ. మా వాడు లేడు."

"అన్నీ వేయలేకపోయామమ్మా. చోటు చాల్లేదు."

"మీరు చెప్పిన మాట, 'మా అక్క సత్యం పలికింది' అని. అది వాడు రాసింది కాదు."

"ఎందుకు కాదు?"

"వాడికి అంత పెద్ద మాటలు రావండీ. సత్యం పలకడం, దీవించడం, ఇవేవీ వాడివి కావు. వాడు నన్ను చిన్నప్పుడు దూలం అనేవాడు. ఎంత తోసినా కదలనని. నా మీద ప్రేమొస్తే ఇంకో పేరు పెట్టేవాడు, కోపమొస్తే ఇంకోటి." కళ్లు తుడుచుకోలేదు. కారనిచ్చింది. "వాడు నన్ను ఏమని వెక్కిరించాడో అది చెప్పండి. వెక్కిరించి ఉంటే నన్ను మరిచిపోలేదని అర్థం. ఈ దీవెనలు నాకొద్దు."

నేను గొంతు సవరించుకున్నాను. గ్రంథం నా చంకలోనే ఉంది. దాని మీద చెయ్యి పెట్టినందుకు తమ్ముణ్ణి పోగొట్టుకున్న మనిషి ఆవిడ. దాన్ని చంకలో పెట్టుకుని నేను మళ్లీ అబద్ధమే ఆడాను: "శనివారం జైలుకు వెళ్లి కనుక్కుంటానమ్మా."

"సరేనండీ" అని వెళ్లిపోయింది. నమ్మి కాదు. ఇంకెవరిని అడగాలో తెలియక.

మార్చి 13

గ్రంథంలో ఎన్ని ఉత్తరాలు సంకెళ్లున్న చేత్తో రాసినవో నేను వేలు పెట్టి చూపించగలను. ఒక ఉత్తరంలో ఆ మనిషి, చలి ముంచుకొస్తోంది, నేను ఫలానావాడి ఇంట్లో వదిలిన పైబట్ట తీసుకురా, పుస్తకాలూ తీసుకురా అని అడుగుతాడు. అందులో పశ్చాత్తాపం ఎక్కడ? సాక్ష్యం ఎక్కడ? ఎముకలు కొరికే చలి ఉంది, అంతే. ఆ ఉత్తరాలను ఏరే పని నాకు ఇచ్చి ఉంటే, పైబట్ట సంగతి కొట్టేసి ఉండేవాణ్ణి. రెండు వేల ఏళ్ల తర్వాత ఎవరికీ ఆయనకు చలి వేసిందని తెలిసేది కాదు.

రోజంతా ఒకే మిషను విప్పి బిగించాను. దానికి ఏ రోగమూ లేదు.

మార్చి 14, శనివారం

ప్రసంగం చెప్పలేదు. ముందు వరుస ఖాళీగా ఉంది. ఎప్పటినుంచో ఖాళీగానే ఉండి ఉంటుంది. ఇవాళ చూశాను. "ఈరోజు మీరే ఏదైనా చెప్పండి" అన్నాను. ఎవరూ నోరు విప్పలేదు. పది నిమిషాలు అలాగే కూర్చున్నాం. ఎవరో వెనక నుంచి, "అయ్యగారికి ఒంట్లో బాగాలేదేమోరా" అన్నారు. వెక్కిరింత కాదు. నిజంగానే అన్నారు.

తర్వాత తొట్టి దగ్గరికి వెళ్లాను. నిలబడే చెప్పేశాను. "పెద్దాయనా, అందులో బూతులు లేవు. నా గురించి రాశాడని వేశాను."

"తెలుసు."

"నీకెలా తెలుసు?"

"బ్యారక్ మొత్తానికీ తెలుసయ్యగారూ. ఆదివారం మధ్యాహ్నం అన్నాలయ్యాక వాడు చదివేవాడు. నలభై మందిమి వినేవాళ్లం. అక్షరం రానివాళ్లు కూడా పేజీలకు పేజీలు అప్పజెప్పేవాళ్లు. పక్క బ్యారక్ వాళ్లు గోడ అవతలనుంచి, 'గట్టిగా చదవరా, ఇక్కడికి వినపడట్లేదు' అని అరిచేవాళ్లు. వాడు పోయాక నెల రోజులు ఆదివారం ఎలా గడపాలో తెలియలేదు మాకు." కర్ర తొట్టి అంచుకు ఆనించాడు. "మీ పేజీ చివర ఏముందో తెలుసా?"

"నేను సగంలో మూసేశాను."

"అయితే వినండి." కళ్లు మూసుకున్నాడు, పిల్లలు పద్యం అప్పజెప్పేముందు మూసుకున్నట్టు. "'వాన పడినా వస్తాడు. మా ఇళ్లవాళ్లు రావడం మానేశారు, ఉరుమయ్య మానలేదు. మేం నవ్వకపోతే శనివారం కోసం కాచుకుని ఉన్నామని తెలిసిపోతుంది. అందుకని నవ్వుతాం.' అంతే. అక్కడితో మీ పేజీ అయిపోయింది."

పక్కన గుడ్డ మీద పరిచిన గుజ్జు నుంచి నీళ్లు కారుతున్నాయి. నేను దాన్నే చూస్తూ నిలబడ్డాను.

"వాళ్ల అక్క గురించి?" అన్నాను. ఆవిడ వచ్చిందని, అడిగిందని, పదహారున వెళ్లిపోతుందని చెప్పాను.

పెద్దాయన ముఖం మారింది. "వచ్చిందా? వచ్చిందా చివరికి?" కర్ర అందుకుని తొట్టిని మళ్లీ కలిపాడు. "అవి చదివేవాడు కాదయ్యా. నాలుగైదు ఆకులు మడిచి పెట్టుకునేవాడు. ఆ మడత దగ్గరికి రాగానే దాటేసేవాడు. చదవరా అంటే, ఇది మా ఇంటి గొడవ, మీకెందుకు అనేవాడు."

"ఎవరికీ తెలియదా?"

"ఎవరికీ."

"ఎవరికో ఒకరికి చూపించి ఉంటాడు."

"చూపించలేదయ్యగారూ. మడత విప్పింది వాడొక్కడే."

మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ అదే చెప్పాడు.

వెళ్లబోతుంటే పిలిచాడు. "నలభై మందిలో ఇక్కడ పదకొండు మంది మిగిలాం. నాకు కొంత నోటికి వచ్చు, బట్టలుతికేవాడికి కొంత వచ్చు. ఒక్కొక్కడి దగ్గర ఒక్కో ముక్క ఉంది. అప్పజెబితే రాసుకుంటారా?" నా ముఖంలోకి చూశాడు. "దిద్దకుండా?"

బయటికి వస్తుంటే మేడమ్ ఎదురైంది. స్టోరులో కొత్తగా మూడు మూటలు పోగయ్యాయట, గడువు దాటాయట, సోమవారం మధ్యాహ్నం మూడింటికి తొట్టి నింపుతారట.

"ఎవరైనా చదివారా మేడమ్?"

"టైమ్ ఎక్కడిదండీ? అయినా పోయినసారి మీరే అన్నారుగా, ముప్పైనాలుగు తప్ప అంతా చెత్తేనని. చెత్త కోసం స్టోరులో చోటు అడిగితే పైవాళ్లు ఒప్పుకోరు."

నా మాటే. నా గొంతుతో సహా తిరిగి నా చెవిలో పడింది.

మార్చి 15, ఆదివారం

రాజు మీద చెప్పాను. పైకప్పు అదరలేదు. చుట్ట కాలిపోయాక ప్రవక్త మళ్లీ మొదటినుంచి చెప్పాడు, పక్కన కూర్చున్న లేఖకుడు మళ్లీ మొదటినుంచి రాశాడు, అంత వరకు చెప్పాను. ఇంకేదో చెప్పాలి. ఆ రాజు నేనే అని చెప్పాలి. చెప్పలేదు, దగ్గాను. ఒక అమ్మ మంచినీళ్లు ఇచ్చింది. ప్రసంగం అద్భుతం అన్నారు ఇద్దరు ముగ్గురు.

ఇంటికి వచ్చాక మా ఆవిడతో అంతా చెప్పాను. నవ్వలేదు. నా పేరు ఉరుమయ్య అన్నప్పుడు కూడా నవ్వలేదు.

"ఆ పిల్లకు చెప్పారా?" అంది.

"ఏమని చెప్పను? నీ తమ్ముడు నీ గురించి రాశాడు, నాలుగైదు ఆకులు రాశాడు, అవి నేను నీళ్లలో ముంచాను అనా? తెలియకుండానే వెళ్లిపోతే కనీసం..."

"కనీసం ఏంటండీ?"

"కనీసం తిట్టాడేమో అనే భయంతో బతుకుతుంది. ఇది తెలిస్తే..."

"భయంతో బతకడం తేలిక అనుకుంటున్నారా? ఏడేళ్లు బతికింది చాలదా?" పళ్లెం నా ముందుకు జరిపింది. "తన గురించి రాశాడు, ఎవరికీ చూపించనంతగా దాచుకున్నాడు. అది మీ చేతిలో ఉన్న సంగతి. ఆ పిల్లది. దాన్ని కూడా మీరే ఏరి పారేస్తారా?"

మార్చి 16, సోమవారం, ఉదయం

పొద్దున్నే వచ్చి కొట్టు తెరిచాను, మూసేశాను. ఎదుటివాడు "ఏమయ్యా, ఇవాళ సెలవా?" అన్నాడు. తల ఊపాను.

రాత్రంతా ఒక ప్రసంగం తయారుచేసుకున్నాను, ఆవిడకు చెప్పడానికి. మూడు భాగాలు. మొదట నా బలహీనత, తర్వాత దేవుడి కరుణ, చివర ఓదార్పు. తెల్లారాక చదువుకుంటే ముప్పైనాలుగు సాక్ష్యాల పక్కన ముప్పైఅయిదోదిలా ఉంది. చింపేశాను.

ఆవిడకు చెప్పాల్సింది నాలుగు ముక్కలే. నీ గురించి రాశాడు. మడిచి దాచుకున్నాడు. ఏం రాశాడో ఇక ఎవరికీ తెలియదు. పారేసింది నేను.

ఆ ఆకులు తిరిగిరావు. నేను ఎన్ని ఉపవాసాలున్నా రావు. ప్రేమతో ఏ పేరు పెట్టాడో, కోపంతో ఏ పేరు పెట్టాడో, అది ఏదో ఆఫీసులో ఒక ఫైలు అట్టలో పీచుపీచుగా కలిసిపోయింది. మిగిలింది పదకొండు మంది నోళ్లలో ఉన్న ముక్కలు. అందులో ఇద్దరికి ఈ నెలలోనే విడుదల. ఇప్పుడు మూడు మూటల్లో ఇంకెవరెవరి మడతలున్నాయో! ఎవరి అక్క, ఎవరి అమ్మ ఏ ఊళ్లో ఇల్లు మారి, ఇంకా కబురు అందక కూర్చుందో!

మధ్యాహ్నం బండికి ఇంకా నాలుగు గంటలుంది. తొట్టి నింపడానికి ఏడు.

రాస్తూ కూర్చోకు. రాస్తూ కూర్చుంటే చేసేసినట్టే ఉంటుంది, నీకు ఆ అలవాటు ఉంది. వెనక వీధి. పిన్ని ఇల్లు. తలుపు తట్టు. నిలబడే చెప్పు, కూర్చోమంటే కూర్చోకు. ఆవిడ ఏమన్నా విను, వాక్యం ఎత్తకు, చెయ్యెత్తి దీవించకు. ఉమ్మితే తుడుచుకో. బండి ఎక్కకుండా ఉండగలవా అమ్మా అని అడుగు, నీ తమ్ముడి మాటలు అప్పజెప్పేవాళ్లు పదకొండు మంది ఉన్నారని చెప్పు. అక్కణ్ణుంచి నేరుగా జైలు గేటుకు పో. మేడమ్ కాళ్లు పట్టుకుంటావో, తొట్టికి అడ్డంగా పడుకుంటావో నీ ఇష్టం. మూటల్లోంచి ఒక్క కాగితం తడవకూడదు. ఏరకు. దిద్దకు. అన్నీ చదువు, అన్నీ దాచు, ఎవరివి వాళ్లకు చేర్చు. పెద్దాయన పక్కన నేల మీద కూర్చుని, ఆయన ఎలా చెబితే అలా రాసుకో, నిన్ను తిట్టింది కూడా.

రేపు కాదు. వచ్చే శనివారం కాదు. ఇవాళ. చెప్పులేసుకో. లే!